పత్రపరీక్ష సరే, గృహపరీక్ష ఎవరు చేయవలెను?

ఇల్లు కట్టి చూడుమని, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పిన మాట ఎల్లరు నెరిగినదే. ఆ మాట పుట్టిన నాడు ఇల్లు కట్టుకొనువారే గాని కట్టిన యింటిని కొనువారు అరుదు. ఇప్పుడు పట్టణములలో కట్టువాడొకడు, అమ్మువాడొకడు, నడుమ బేరము కుదుర్చువాడొకడు, తుదకు అందులో కాపురముండి కష్టసుఖములనుభవించువాడు వేరొకడు. కావున నేటి గృహస్థునకు "ఇల్లు కొని చూడు" అనుటయే తగిన సామెత.

ఆ కొనుట ఎట్లు జరుగుచున్నదో పరిశీలింతము. ఒక పెద్దమనిషి తన యావజ్జీవితార్జితమును వెచ్చించి, చాలనిదానికి బ్యాంకులో అప్పు చేసి, విజయవాడలోనో హైదరాబాదులోనో ఒక ఫ్లాటు కొనదలచును. మొదట వకీలును సంప్రదించును. ముప్పది సంవత్సరముల ఈ.సీ. తీయించును. లింకు డాక్యుమెంట్లన్నియు వరుసగా పేర్పించి, ఒక్క సంతకము తక్కువైనను బేరమాపించును. తరువాత సిద్ధాంతిగారిని తోడ్కొనివచ్చి సింహద్వారము ఏ దిక్కుననున్నదో, వంటయిల్లు ఏ మూలనున్నదో చూపించును. అటుపిమ్మట ముహూర్తము పెట్టించును. ఇంత జాగరూకత చూపినవాడు ఆ యింటి గోడను, స్లాబును, దూలమును, నీటి గొట్టమును, విద్యుత్తు తీగను తెలిసినవానిచేత ఒక్క పూటయైనను చూపించునా? నూటికి తొంబదిమంది చూపింపరని మా యనుభవము. ముప్పదియేండ్ల పత్రములను పరీక్షించువారము ముప్పది నిమిషములైనను గోడను పరీక్షింపము. ఇంతకన్న విపరీతమేమున్నది?

ఇది మన పూర్వుల యాచారము కాదు. వాస్తువనగానే దిక్కులును మూలలును మాత్రమే జ్ఞప్తికి వచ్చుట తరువాత పట్టుకొన్న అలవాటు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుని బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయమున నేలను పరీక్షించు పద్ధతి కలదు. మూరెడు గొయ్యి త్రవ్వి, త్రవ్విన మన్నునే మరల పూడ్చవలెను; మన్ను మిగిలిన నేల ఉత్తమము, సరిపోయిన మధ్యమము, చాలకున్న అధమము. గోతిని నీటితో నింపి, నూఱడుగులు నడచి మరలివచ్చి, నీరు ఎంత తగ్గినదో చూచుట మరియొక పరీక్ష. నేల గట్టిదా, గుల్లదా యని చేతితో తెలిసికొనుటయే వీనిలోని భావము. పొలము కొను రైతు నేటికిని మట్టిని పిడికిట పట్టి, నలిపి చూడనిదే బయానా ఇయ్యడు. ఆ రైతే పట్టణమున ఫ్లాటు కొనునపుడు రంగు చూచి మురిసిపోవుచున్నాడు. పైన పటారము లోన లొటారము అను మాట ఇండ్ల విషయమున చెల్లినంతగా మరెచ్చటను చెల్లదు. ఏలయన కాంక్రీటులోని యినుము కంటికి కనబడదు, పునాది భూమిలో దాగియుండును, గోడలోని తడిని ఒక పూత రంగు కప్పివేయును.

చట్టము మనలను కాపాడదా యని కొందరడుగవచ్చును. కొంతవరకు కాపాడును. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, తనకు తెలిసియుండి కొనువానికి తెలియని ముఖ్యమైన లోపమును అమ్మువాడు వెల్లడింపవలెను. కాని ఆ లోపము సాధారణ జాగ్రత్తతో కొనువాడు కనిపెట్టజాలనిదై యుండవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. అనగా చూడదగినదానిని చూడకుండుట కొన్నవాని తప్పే యగును. 2016వ సంవత్సరపు స్థిరాస్తి నియంత్రణ చట్టము, జనులు రెరా యని వ్యవహరించునది, 14వ సెక్షనులో ఇంకొక రక్షణ కల్పించినది. ఇల్లు స్వాధీనపరచిన నాటినుండి ఐదేండ్లలోపల నిర్మాణలోపము గాని, పనితనపు లోపము గాని బయటపడి, కొన్నవాడు తెలియజేసినచో, బిల్డరు 30 దినములలో తన ఖర్చుతో సరిచేయవలెను. మేలైన నియమమే. కాని 500 చదరపు మీటర్లకు మించని స్థలమునందును, ఎనిమిదికి మించని ఫ్లాట్లు గల కట్టడమునందును రిజిస్ట్రేషను నిర్బంధము లేదు. మన చిన్న పట్టణముల సందులలో లేచుచున్న కట్టడములనేకము ఈ కొలతకు లోబడినవే. చేతులు మారిన పాత యింటి విషయమున ఆ ఐదేండ్లు ఎప్పుడో గతించియుండును. కాబట్టి చట్టము వెనుకనుండి వచ్చు మిత్రుడు. ముందు నడువవలసినది మన కన్ను, లేదా మన పక్షమున చూచువాని కన్ను.

ఆ చూచువాడెవరు? ఇక్కడనే పెక్కుమంది పొరబడుచున్నారు. వకీలు చూచునది హక్కును. హక్కు నిష్కళంకమై యుండి ఇల్లు కూలవచ్చును. బ్యాంకు పంపు వాల్యుయరు చూచునది ధరను; అప్పునకు తగిన పూచీ కలదా యనుటయే అతని ప్రశ్న. ఆ నివేదిక బ్యాంకు క్షేమమునకే గాని మన క్షేమమునకు వ్రాయబడదు. మునిసిపాలిటీ వారి క్రమబద్ధీకరణ కాగితమును చూచి నిశ్చింతగా నుండువారు కొందరు. 2007లోను, 2015లోను అనుమతి లేని అంతస్తులను రుసుము తీసికొని క్రమబద్ధము చేయు పథకములు వచ్చినవి. రుసుము చెల్లించుటచే కట్టడమునకు చట్టబద్ధత కలుగవచ్చును. రెండంతస్తులకు వేసిన పునాదికి నాలుగంతస్తులను మోయు బలము మాత్రము కలుగదు.

ఇక బ్రోకరు తెచ్చిన ఇంజనీరు. ఈ వ్యాసకర్తకే అట్టి యనుభవము కలిగినది. కొన్నేండ్ల క్రిందట సముద్రతీర పట్టణమొకదానిలో పాత యిల్లు కొనునపుడు, బేరగాడే ఒక ఇంజనీరును వెంటబెట్టుకొని వచ్చెను. ఆయన పావుగంట ఇటునటు తిరిగి, ఇల్లు బంగారము వంటిదని చెప్పి వెడలిపోయెను. మేమును సంతోషించి సంతకము చేసితిమి. రెండవ వానకారు గడవకమునుపే వెనుక గదిలో స్లాబు పెచ్చులూడి, మా తల్లిగారు పరుండు మంచముపై పడినవి. దైవవశమున ఆ వేళ ఆమె వంటయింటనుండిరి. పైకి చూడగా కమ్మీలు తుప్పుపట్టి, కొన్నిచోట్ల పెన్సిలంత సన్నబడియున్నవి. అపుడు పిలిపించిన వృద్ధ ఇంజనీరొకరు గదులన్నియు చూచి, "అయ్యా, ఈ గది కప్పుకొక్కదానికే క్రొత్తగా సున్నము వేసియుండుట మీరు కొనునాడు గమనింపలేదా?" అని యడిగిరి. మావద్ద సమాధానము లేకపోయెను. మొదటి యింజనీరుకు రుసుమిచ్చినది బేరగాడేనని తరువాత తెలిసినది. దొంగచేతికి తాళపుచెవి నిచ్చి ఊరక కూర్చున్న చందమున, నష్టము కొంత, సిగ్గు కొంత మిగిలెను. ఆ సిగ్గును దాచుకొనుటకంటె నలుగురికి చెప్పుటయే మేలని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కావున గృహపరీక్షకుని ఎన్నుకొనుటలో మొదటి సూత్రము స్వాతంత్ర్యము. పాండిత్యము దాని తరువాతనే. పరీక్షకునికి రుసుమిచ్చునది కొనువాడే కావలెను. అతడు అమ్మువానికి బంధువు గాని, బ్రోకరుకు స్నేహితుడు గాని, బిల్డరువద్ద పని చేయువాడు గాని కారాదు. లోపములు చూపి, ఆ మరమ్మతు కంట్రాక్టును తానే పుచ్చుకొనువాడును కారాదు. అట్టివాడు లేని లోపమును కల్పించుటయో, చిన్నదానిని పెద్దది చేయుటయో తటస్థించును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున గృహపరీక్షకులకు లైసెన్సు నిర్బంధము లేదు. అయినను, పరీక్షించిన యింటికి పండ్రెండు నెలలలోపల ఆ పరీక్షకుడే డబ్బు తీసికొని మరమ్మతు చేయరాదని అక్కడి శాసనము నిషేధించుచున్నది. మన తెలుగువారు వేలకొలది స్థిరపడిన టెక్సాస్ రాష్ట్రములో పరీక్షకునకు ప్రభుత్వపు లైసెన్సు ఉండితీరవలెను. నివేదిక నమూనాయు నిర్ణీతము. ఒక్కొక్క భాగమునకెదురుగా చూచితినా, చూడలేదా, అది యింటిలో లేదా, లోపము కలదా యని నాలుగు గడులలో గుర్తుపెట్టవలెను. ఆ దేశమున మన పిల్లలు ఇల్లు కొనునపుడు పరీక్ష చేయించుట సాధారణము. ఆ పిల్లలే స్వగ్రామమునందలి తలిదండ్రులకు ఫ్లాటు కొనునపుడు ఫోనులో ఫోటోలు చూచి డబ్బు పంపుచున్నారు.

మన దేశమున గృహపరీక్షకుడను వృత్తికి ప్రత్యేక లైసెన్సు లేదు. ఎవడైనను బోర్డు కట్టవచ్చును, చేత ఒక యంత్రము పట్టుకొని రావచ్చును. కనుక యోగ్యతను మనమే విచారింపవలెను. సివిలు ఇంజనీరింగులో పట్టముండుట కనీసార్హత. పెద్ద కట్టడమైనచో, లేక పగుళ్లు కనబడినచో, నిర్మాణశాస్త్రమున ప్రత్యేక పరిచయము గల స్ట్రక్చరల్ ఇంజనీరు కావలెను. పురపాలక సంస్థలు అట్టివారికి లైసెన్సులిచ్చుచున్నవి; ఆ సంఖ్యనడిగి తెలిసికొనవచ్చును. 1920లో స్థాపితమైన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వారు చార్టర్డ్ ఇంజనీరు అను హోదా నిచ్చుచున్నారు. అదియు ఒక గుర్తే. కాని ఈ కాగితములతో విచారణ ముగియరాదు. ప్లానులు గీయుటలో ఆరితేరినవాడు పాత కట్టడపు రోగమును కనిపెట్టలేకపోవచ్చును. పురుడు పోయుట వేరు, రోగనిదానము వేరు గదా! కావున, "అయ్యా, నివాసములోనున్న కట్టడములను మీరెన్ని పరీక్షించితిరి? పేరు తీసివేసి ఒక పాత నివేదికను చూపగలరా?" అని మర్యాదగా నడుగవలెను. నిజమైన పనివాడు ఈ ప్రశ్నకు కోపపడడు.

నివేదిక చేతికి వచ్చినపుడు రెండు విషయములు చూడవలెను. అది నోటిమాట కాక, సంతకముతోను, తేదీతోను, ఫోటోలతోను కూడినదై యుండవలెను. తాను చూచినదియే గాక చూడజాలనిదియు అందులో వ్రాసియుండవలెను. పునాదిని చూడలేదని, తాళము వేసియున్న గదిలోనికి పోలేదని స్పష్టముగా చెప్పువానిని నమ్మవచ్చును. అంతయు భేషుగా నున్నదని ఒక్క పేజీలో ముగించువానిని నమ్మరాదు.

యోగ్యుడైన పరీక్షకుడు ఏమి చేయునో తెలిసియుండిన అయోగ్యుని గుర్తుపట్టుట సులభము. అతడు మొదట మంజూరైన ప్లానును చేతబట్టుకొని, కట్టినదానితో పోల్చును. పైన కట్టిన అంతస్తులు ప్లానులోనివో కావో విచారించును. అటుపిమ్మట పగుళ్లను చూచును. పగుళ్లన్నియు ఒక్క తీరువి కావు. ప్లాస్టరు ఎండుటచే పుట్టిన వెండ్రుకవంటి గీత భయహేతువు కాదు. కిటికీ మూలలనుండి ఏటవాలుగా ప్రాకు పగులు పునాది క్రుంగుటను సూచింపవచ్చును. గుంటూరు, కర్నూలు ప్రాంతముల నల్లరేగడి వానకు ఉబ్బి వేసవికి ముడుచుకొనును. అచ్చట ఇట్టి పగులు విషయమున మరింత జాగ్రత్త కావలెను. స్లాబు క్రింద కమ్మీవెంబడి తిన్నగా సాగి, ఎఱ్ఱని మరక విడుచు పగులు లోపలి తుప్పునకు సాక్ష్యము. విశాఖపట్టణము, కాకినాడవంటి తీరపట్టణములలో ఉప్పుగాలి ఈ తుప్పును త్వరపెట్టును. అందుకే 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణము ఐ.యస్. 456, కమ్మీపై నుండవలసిన కాంక్రీటు కవరును సాధారణ పరిస్థితిలో 20 మిల్లీమీటర్లుగాను, తీవ్ర పరిస్థితిలో 45 మిల్లీమీటర్లుగాను నిర్ణయించినది.

పరీక్షకుడు చిన్న సుత్తితో తట్టి గుల్లశబ్దము వినును. స్నానాల గదిలో నీరు నిలిపి, 24 గంటల తరువాత క్రింది కప్పు చెమ్మగిల్లినదేమో చూచును. స్విచ్చి బోర్డులకు ఎర్తు సరిగానున్నదో లేదో, తీగ నుండి విద్యుత్తు కారినపుడు సరఫరాను ఆపివేయు 30 మిల్లీయాంపియర్ల పరికరము కలదో లేదో పరీక్షించును. సాధ్యమైనంతవరకు ఇల్లు వానలు కురిసిన మరునాడు చూపించుట మంచిది. వేసవిలో ప్రతి గోడయు పొడిగానే యుండును.

యంత్రముల విషయమున ఒక హెచ్చరిక. రీబౌండు హ్యామరు అను సుత్తిని కాంక్రీటుపై నొక్కి, వెనుకకెగిరిన కొలతనుబట్టి బలమును అంచనా వేయుదురు. ఈ అంచనా ఇరువైపుల నూటికి 25 పాళ్లు తప్పవచ్చునని 1992 నాటి భారతీయ ప్రమాణమే అంగీకరించినది. కావున సుత్తి ఒక్కటి ప్రయోగించి, బలమింతయని ఖండితముగా చెప్పువాడు తన శాస్త్రమును తానే చదువనివాడు. శబ్దతరంగముల వేగముతో చేయు పరీక్ష మరియొకటి, సెకనుకు 4.5 కిలోమీటర్లు మించిన కాంక్రీటు శ్రేష్ఠమనియు, 3 కిలోమీటర్లలోపు వేగమున్నది సందేహాస్పదమనియు ఆనాటి ప్రమాణము వర్గీకరించినది. రెండును కలిపి చూచి, సందేహము తీరనిచో కాంక్రీటు ముక్కను కోసి ప్రయోగశాలకు పంపుట యోగ్యుని లక్షణము. ఎక్కడ తన కన్ను చాలదో తెలిసినవాడే నిజమైన పరీక్షకుడు.

ఈ మాట ఎంత సత్యమో 2022వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన గురుగ్రాములో జరిగిన ప్రమాదము నిరూపించినది. పట్టుమని పదేండ్లు నిండని బహుళాంతస్తుల భవనములో ఆఱవ అంతస్తు ఫ్లాటులోని గది నేల విరిగి, క్రింది అంతస్తులను చీల్చుకొనుచు పడి, ఇద్దరు స్త్రీలు మృతినొందిరి. ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులు పరీక్షించి, కట్టునాడే కాంక్రీటులో చేరిన క్లోరైడు లవణములు ఇనుమును తినివేసినట్లు తేల్చిరి. మరమ్మతుతో బాగుపడునది కాదని ఆ భవనమును ఖాళీ చేయించవలసి వచ్చెను. రంగు చూచి కొన్నవారికి ఈ లవణములు కనబడునా? ప్రయోగశాలలోనే కనబడును.

కట్టుచుండగనే కొనువారి కష్టము వేరు. 2014 జూన్ 28వ తేదీన చెన్నపట్టణ సమీపమున మౌలివాకములో కట్టుబడిలోనున్న పదునొకండు అంతస్తుల భవనము నేలమట్టమై 61 మంది మరణించిరి. వారిలో పొట్టకూటికై వలసపోయిన ఉత్తరాంధ్ర కూలీలు అనేకులు. దానికి జంటగా లేచిన భవనమును 2016 నవంబరు 2వ తేదీన ప్రేలుడు పదార్థములతో కూల్చివేసిరి. గృహపరీక్ష లోపము ఇల్లు కొన్నవానినే గాక, దానిని కట్టు నిరుపేదను గూడ బలిగొనునని ఈ ఉదంతము తెలుపుచున్నది. కట్టుబడిలోనున్న ఇంటికి తుదినాటి పరీక్ష చాలదు. పునాది పూడ్చకముందు ఒకసారి, స్లాబు పోయకముందు కమ్మీలు కట్టినపుడు ఒకసారి, ప్లాస్టరునకు ముందు ఒకసారి చూపింపవలెను. సిమెంటు పోసిన తరువాత కమ్మీలను లెక్కించుట కష్టసాధ్యము. ఒప్పందమునందే ఈ హక్కును వ్రాయించుకొనుట వివేకము. అందుకు ఒప్పుకొనని బిల్డరు ఎందులకొప్పుకొనడో ఆలోచింపవలెను.

అపార్టుమెంట్లలో నివసించువారికి మరియొక మనవి. ఒకరి స్లాబు వేరొకరి కప్పు; ఒకరి స్తంభము అందరి స్తంభము. ఫ్లాటొక్కదానిని పరీక్షించి, నేలమాళిగను, మిద్దెపై నీటితొట్టిని, మురుగు గొట్టములను విడిచిపెట్టుట దేహమంతయు వదలి వ్రేలికి మందు పూసినట్లు. సంఘమువారు తలా కొంచెము వేసికొని సమష్టిగా పరీక్షకుని పిలిపించినచో, ఖర్చు తక్కువ, ఫలమెక్కువ. రెరాలో చెప్పిన ఐదేండ్ల గడువు తీరకముందే, నాలుగవ యేటనో ఐదవ యేట తొలినెలలలోనో ఒక పరీక్ష చేయించి, లోపములను వ్రాతమూలముగా బిల్డరుకు తెలియజేయుట మరువరాదు. గడువు దాటిన మరునాడు చేసిన ఫిర్యాదునకు బలము తగ్గును.

ఇంత చేయించుటకు వ్యయమగునే యని సంకోచించువారు లేకపోలేదు. రిజిస్ట్రేషను నాడు చెల్లించు స్టాంపు రుసుమును, బ్రోకరు కమీషనును, గృహప్రవేశపు విందును లెక్కవేసి, వాని ప్రక్కన పరీక్షకుని రుసుమును నిలిపి చూడుడు. అన్నిటిలో అదియే అల్పము. పరీక్షలో లోపము తేలినచో బేరము వదలుకొననక్కరలేదు. ధర తగ్గింపుమని అడుగవచ్చును, సరిచేసి యిమ్మని అడుగవచ్చును. లోపము లేదని తేలినచో నిశ్చింతగా నిద్రింపవచ్చును. ఏ విధముగ చూచినను నష్టము లేని ఖర్చిది.

సిద్ధాంతిని పిలువవద్దని మేము చెప్పము. వకీలును మానుమని అంతకంటె చెప్పము. వారివెంట ఇంకొకరిని పిలువుడని మాత్రమే మా ప్రార్థన. ఆ యొకడు మీ సొమ్ము తిని మీకే లోబడినవాడు కావలెను, కట్టడముల రోగము తెలిసినవాడు కావలెను, తెలియనిదానిని తెలియదని వ్రాయు ధైర్యము గలవాడు కావలెను. ఇల్లు నాలుగు గోడల సరుకు కాదు; తల్లి నిద్రించు తావు, బిడ్డలాడుకొను తావు. దాని కప్పు క్రింద పరుండబోవువారు పత్రములపై తల పెట్టుకొని నిద్రింపరు గదా!